రాత్రి పరీక్ష, ఉదయపు నివేదిక

పరీక్ష అనే మాట చెవిని పడగానే విద్యార్థికి భయమూ, అధ్యాపకునికి అలసటా కలుగుట లోకసహజం. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వచ్చిపోయే ఈ ఉపద్రవం ఎప్పుడు ముగియునా అని ఉభయులూ ఎదురుచూస్తూ ఉంటారు. అటువంటిది, ప్రతి రాత్రీ పరీక్ష వ్రాసి, తెల్లవారేసరికి తన మార్కుల పట్టీని తానే సిద్ధం చేసి మన చేతికిచ్చే విద్యార్థి ఒకడున్నాడంటే నమ్మగలమా? ఉన్నాడు. మా కళాశాల కంప్యూటరు గదిలో, కిటికీ ప్రక్క మూలన, మూత లేని పాత యంత్రమే ఆ విద్యార్థి. దాని మార్కుల పట్టీని చదువుట కొంతకాలంగా నా దినచర్యలో భాగమైనది. ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొనే వానికి ఈ గొడవ ఎందుకని మిత్రులు కొందరు పరిహాసం చేస్తున్నారు. ఎందుకో వివరంగా చెప్పవలసిన అవసరం ఉన్నది.

2024 సెప్టెంబరు మొదటి దినాలను బెజవాడ వాసులెవ్వరూ మరువలేరు. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, ఆ నీరు సింగ్‌నగర్ ప్రాంతాన్ని రాత్రికి రాత్రి ముంచినది. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్ళు త్రొక్కినది. మా విద్యార్థులలో పలువురి ఇండ్లు ఆ ముంపు వాడలలోనివే. నీరు తీసిన తరువాత వారు ట్రంకు పెట్టెలు తెరచి చూచుకొంటే టీసీలు, మార్కుల జాబితాలు, తల్లిదండ్రుల నిఖానామాలు అన్నీ ఒకే ముద్దగా బయటికి వచ్చినవి. నకళ్ళ కొరకు కార్యాలయాల చుట్టూ తిరుగుట ఆరంభమైనది. అప్పుడు తెలిసినది, మన పిల్లలకు పోయినవి కాగితాలు మాత్రమే కావని.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు జైనబ్. చిన్ననాడు చదివిన ఉర్దూ బడి రిజిస్టరులో ఉర్దూ లిపిలో సక్రమంగానే ఉన్నది. దానిని తెలుగులోకి ఎత్తి వ్రాసినవారు ఒకచోట ‘జైనబ్ బీ’ అన్నారు, మరొకచోట ‘జైనాబీ’ అన్నారు, ఇంకొకచోట ‘జైనంబి’ అన్నారు. మూడు కాగితాలు, మూడు పేర్లు. బల్లకు అవతల కూర్చున్న గుమాస్తా ఆ మూడింటినీ వరుసగా పేర్చి, “ఈ ముగ్గురిలో నువ్వెవరివమ్మా?” అని అడిగినాడట. ఆ మాట చెప్పి ఆ పిల్ల నవ్వినది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ చిక్కును చూచి మా కంప్యూటరు శాఖలోని యువ అధ్యాపకుడు, చివరి సంవత్సరం విద్యార్థులు నలుగురు కలిసి ఒక ప్రోగ్రాము తలపెట్టారు. ఉర్దూలో ఉన్న పేరును ఇస్తే అది తెలుగులో ఏయే రూపాలలో కనబడవచ్చునో ఆ యంత్రం చెప్పాలి. రెండు వేర్వేరు వర్ణక్రమాలను ఇస్తే అవి ఒకే పేరు కావచ్చునా కాదా అన్నది తేల్చాలి. ఆ పట్టిక చేతనుంటే కళాశాలవారు ఇచ్చే ధ్రువీకరణ పత్రానికి కొంత బలం చేకూరునని వారి ఆశ. ప్రోగ్రాము వ్రాయుట వారి పని. అది పలికినది సరియో కాదో తేల్చుట నా పని, ఉర్దూ శాఖలోని మా పెద్దల పని. ఆ విధంగా కొన్ని వందల పేర్లతో ఒక ప్రశ్నపత్రమూ, వాటి జవాబులూ తయారైనవి.

ఇక్కడ సాంకేతిక విషయం కొంత చెప్పక తప్పదు. సాహిత్య విద్యార్థులు విసుగు చెందక ఒక్క నిమిషం ఓర్చుకోవాలి.

మన డెల్టా రైతుకు ఒక అనుభవం ఉన్నది. కాలువ ఎగువన ఒకడు తన బోదెను కొంచెం సరిచేసుకొంటాడు. అతనికి మేలే జరుగుతుంది. కాని శివారు భూముల రైతుకు నీరు ఎందుకు తగ్గినదో అంతు చిక్కదు. ప్రోగ్రాము వ్రాత సరిగా ఇట్టిదే. ఒక అబ్బాయి ‘ఖ’కార విషయంలో ఒక సూత్రం చక్కదిద్దుతాడు, ‘ఖాదర్’ బాగుపడుతుంది, ఎక్కడో ఉన్న ‘యాఖూబ్’ చెడిపోతుంది. నలుగురు నాలుగు భాగాలు విడివిడిగా వ్రాసి, ఆరు నెలల తరువాత అతికించి చూస్తే ఏది ఎవరి వలన చెడినదో బ్రహ్మకైనా తెలియదు. కాబట్టి ఎవరు ఏ చిన్న మార్పు చేసినా వెంటనే దానిని ఉమ్మడి ప్రతిలో కలపాలి. కలిపిన వెంటనే పరీక్షలన్నీ మొదటినుండి జరగాలి. ఫలితం అందరికీ తెలియాలి. దీనికి వారి పరిభాషలో ‘కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్’ అని పేరు. నిరంతర సంధానం అనవచ్చును. 1991లో గ్రేడీ బూచ్ అనే పండితుడు ఈ మాటను వాడగా, ఆ దశాబ్ది చివర కెంట్ బెక్ మొదలైనవారు దీనిని నిత్యాచారంగా మార్చారు. ఆ కెంట్ బెక్, ఎరిక్ గామా అనే మిత్రునితో కలిసి 1997లో జ్యూరిక్ నుండి అట్లాంటాకు విమానంలో పోతూ, ప్రయాణం మధ్యనే ‘జేయూనిట్’ అనే పరీక్షా సాధనానికి రూపకల్పన చేసినాడని ప్రతీతి. నేడు పరీక్షా నివేదికలు ఏ భాషలో వ్రాసిన ప్రోగ్రామువైనా చాలవరకు ఆ జేయూనిట్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలోనే ఉంటవి: ఏ పరీక్ష, ఎంతసేపు, నెగ్గినదా, తప్పినదా, తప్పితే ఎందువలన, లేక అసలు జరపకుండా వదలినారా.

మా మూలగది యంత్రంలో ఈ పనులన్నింటినీ నడిపించే కార్యదర్శి పేరు జెంకిన్స్. దీనిని సృష్టించినవాడు కొసుకే కవాగుచి అనే జపాను దేశీయుడు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పనిచేసే రోజులలో తాను చేర్చిన మార్పులు పదేపదే ఉమ్మడి ప్రతిని చెడగొట్టి సహచరుల కోపానికి గురిచేయగా, వారికంటె ముందు యంత్రమే తన తప్పు తనకు చెప్పేటట్లు అతడు దీనిని కల్పించినాడట. మొదట దాని పేరు హడ్సన్. యాజమాన్యపు తగవుల వలన 2011లో జెంకిన్స్ అయినది. తప్పు పదిమందిలో బయటపడక ముందే ఒంటరిగా తెలుసుకోవలెనన్న కోరిక నుండి ఇంత పెద్ద సాధనం పుట్టినదంటే, మానవ స్వభావాన్ని గురించి ఆలోచించవలసినదే.

మా విద్యార్థులు దీనిని అమర్చిన మొదటి వారంలో ఒక వింత జరిగినది. నివేదిక వచ్చిన ప్రతిరోజూ అందులో అన్నీ నెగ్గినవే ఉన్నవి. కొన్ని రోజులు అసలు నివేదికే రాలేదు. నిదానించి చూడగా కారణం బయటపడినది. పనులను ఒకదాని వెనుక ఒకటి పైపులైనుగా అమర్చుతారు: ముందు ప్రోగ్రామును కూర్చుట, పిదప పరీక్షలు, చివర నివేదిక ప్రకటన. మధ్యలో పరీక్ష ఒక్కటి తప్పినా యంత్రం అక్కడితో ఆగిపోతుంది, నివేదిక దాకా రాదు. అనగా అన్నీ నెగ్గిన రోజున మాత్రమే నివేదిక వెలువడుతుంది. ఎప్పుడు దాని అవసరం ఉన్నదో అప్పుడే అది మౌనం వహిస్తుంది. శుభవార్త అయితేనే నోరు విప్పే దూతను ఏ రాజు కొలువులోనైనా ఉంచుకొంటారా? జెంకిన్సులో ఇందుకు ఒక ఏర్పాటు ఉన్నది. నివేదిక ప్రకటించే పనిని వరుసలో ఉంచక, పైపులైను చివర ‘ఆల్వేస్’ అనే మాట క్రింద వ్రాయాలి. గెలుపైనా ఓటమియైనా ఆ క్రింద వ్రాసినది జరిగి తీరుతుంది. ‘ఎల్లప్పుడూ’ అనే ఒక్క అవ్యయం ఎంత పని చేయగలదో నేను మొదటి సంవత్సరం వారికి వ్యాకరణం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడుకొంటున్నాను.

మరొక జాగ్రత్త కూడ అందులో ఉన్నది. పరీక్షలు జరగకపోయినా నిన్నటి నివేదిక ఆ సంచిలోనే పడి ఉంటే దానినే నేటిదని చూపే ప్రమాదం ఉన్నది గదా. జెంకిన్స్ కాగితం మీది కాలాన్ని చూచి, నివేదికలు ఉన్నవి గాని క్రొత్తది ఒక్కటీ లేదు, పరీక్షలు జరిగినవా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. తనిఖీకి వచ్చే అధికారులలో ఈ గుణం ఉన్నవారిని నేను తక్కువగా చూచినాను.

నివేదిక సక్రమంగా రావడం మొదలైన తరువాత నాకు నిజమైన పరీక్ష ఎదురైనది. ఒక ఉదయం తప్పిన వాటి వరుసలో ఇట్లు ఉన్నది: రావలసినది ‘మహబూబ్’, వచ్చినది ‘మహబూబ్’. అక్షరం అక్షరం పోల్చి చూచినాను. కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూచినాను. తేడా లేదు. ఉర్దూ శాఖ పెద్దలకు చూపితే ఆయన, “యంత్రానికి మతి తప్పినది జనాబ్” అని తీర్పు చెప్పారు. మతి తప్పలేదు. రెండవ ‘మహబూబ్’ చివర కంటికి కనబడని గుర్తు ఒకటి దాగి ఉన్నది. పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండ అడ్డుకొనేందుకు యూనికోడులో ఆ గుర్తును ఉంచారు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలను మనం విడదీసి వ్రాయగలుగుట దాని చలవయే. పదం చివర అది ఉన్నా లేకున్నా మన కంటికి ఒక్కటే, యంత్రానికి రెండు. ఐకారం సంగతి ఇంకొకటి: ‘సైదా’లోని ‘సై’ని ఒకే సంకేతంతో వ్రాయవచ్చును, ఎత్వమూ దానిక్రింది గుర్తూ కలిపి రెండు సంకేతాలతోను వ్రాయవచ్చును. చూపుకు అభేదం, లోన భేదం. అద్వైతులకు ఇది నచ్చుతుందేమో గాని, పేరు సరిపోలలేదని దరఖాస్తు తిరిగి వచ్చిన వానికి నచ్చదు. అప్పటినుండి మా నివేదికలో అక్షరాల క్రింద వాటి సంకేత సంఖ్యలు కూడ అచ్చవుతున్నవి.

ఈ కనబడని గుర్తు సామాన్యమైనది కాదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నీ మన తెలుగు లిపిని గురించి వ్రాసిన సందర్భం ఒకటి వచ్చినది. అది కవిత్వాన్ని గురించి అయి ఉంటే ఎంతో బాగుండేది. ‘జ్ఞ’ అనే సంయుక్తాక్షరం, దాని తరువాత ఈ అదృశ్యపు గుర్తు, దాని తరువాత ఆకారపు దీర్ఘం, ఈ వరుసలో కూర్చిన అక్షరం ఒక సందేశంలో వస్తే ఆపిల్ సంస్థవారి ఐఫోనులు, కంప్యూటర్లు దానిని గీయలేక కుప్పకూలినవి. ఆకతాయిలు దానిని ఒకరికొకరు పంపి వినోదించారు. ఫిబ్రవరి 19న ఆ సంస్థ 11.2.6 అనే సవరణ ప్రతిని విడుదల చేసి దోషాన్ని తొలగించినది. బెంగాలీ మొదలైన లిపులకు కూడ అటువంటి వరుసలతోనే ఆ చిక్కు ఉన్నదని పరిశోధించినవారు తేల్చారు. అయినను లోకంలో ‘తెలుగు అక్షరం’ అన్న పేరే స్థిరపడినది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టినదని చమత్కరించినవారు ఉన్నారు. నాకు తోచినది వేరు. అంత గొప్ప సంస్థలో ప్రతి మార్పుకు లెక్కలేనన్ని పరీక్షలు జరుగుతూనే ఉండి ఉంటవి. నివేదికలు వస్తూనే ఉండి ఉంటవి. ఆ ప్రశ్నపత్రంలో ఈ ఒక్క వరుస లేదు, అంతే. అడగని ప్రశ్నకు నివేదికలో తప్పు పడదు.

దీనికి ప్రతిగా మరొక ఉదంతం చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోనులలోను, ఫైర్‌ఫాక్స్‌లోను, లిబ్రెఆఫీస్‌లోను మన అక్షరాలకు గుణింతాలు, ఒత్తులు అమర్చి చూపే సాధనానికి ‘హర్ఫ్‌బజ్’ అని పేరు. దీని ప్రధాన నిర్మాత బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరానీయుడు. పేరు కూడ పారశీకమే. ‘హర్ఫ్’ అనగా అక్షరమని మా ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు; ‘బాజ్’ అనగా తెరచినది. ఆయన 2012, 2013 ప్రాంతాలలో భారతీయ లిపులను చక్కదిద్దుతూ, వికీపీడియా నుండి ఆయా భాషల పదాలను లక్షల సంఖ్యలో ఏరి, ప్రతి పదాన్నీ తన సాధనమూ, మైక్రోసాఫ్ట్ వారి సాధనమూ ఒకే తీరున చూపుచున్నవా అని పోల్చి, ఆ ఫలితాన్ని తాను చేసే మార్పుల వెంటనే నమోదు చేస్తూ వచ్చాడు. అటువంటి ఒక నమోదులో తెలుగు వరుస ఇది: 9,70,573 పదాలలో 9,70,555 సరిపోలినవి, 18 సరిపోలలేదు. నేను మొదటిసారి ఆ వరుస చూచినప్పుడు చాలసేపు అట్లే ఉండిపోయినాను. మన భాష తెలియనివాడు, మన ఊరు చూడనివాడు, మన పదాలు దాదాపు పది లక్షలు పరీక్షకు పెట్టి, తప్పిన పదునెనిమిదింటిని దాచక లెక్కలో వ్రాసినాడు. పదునెనిమిది ఏపాటి? శాతంలో చూస్తే సున్న తరువాత సున్నలే. అయినను వ్రాసినాడు. మా విద్యార్థులకు దానిని పాఠంగానే చెప్పినాను. ఆ పాఠం అవసరమయ్యే రోజు ఎంతో దూరంలో లేదని అప్పుడు తెలియదు.

అది చెప్పబోయే ముందు రంగుల ముచ్చట ఒకటి. నివేదిక పైభాగాన ఒక దీపం గుర్తు ఉంటుంది. అన్నీ నెగ్గితే ఒక రంగు, కొన్ని పరీక్షలు తప్పితే పసుపు, ప్రోగ్రామే కూడకపోతే ఎరుపు. ఇతర సాధనాలలో మొదటిది ఆకుపచ్చ కాగా, జెంకిన్స్ చాలకాలం దానిని నీలంగా చూపినది. దాని కారణం భాషాశాస్త్రమే: జపానులో నడువుమని చెప్పే దీపాన్ని వారు ‘అఓ’ అంటారు, ఆ మాటకు నీలమనీ అర్థం. నవ్వుకోకముందు మన సంగతి చూడవలెను. మా విద్యార్థులు నివేదికను తెలుగులోకి మార్చే ఉత్సాహంలో ‘పచ్చ’ అని వ్రాసినారు. ఏ పచ్చ? పచ్చని పైరు పచ్చయే, పచ్చకామెర్లు కూడ పచ్చయే. ‘పచ్చ వచ్చింది సార్’ అని ఒకడు పరుగున వచ్చి చెబితే అన్నీ నెగ్గినవని సంతోషించాలో, కొన్ని తప్పినవని విచారించాలో తెలియదు. ఉర్దూలో సబ్జ్, జర్ద్ అని రెండు మాటలు వేరుగా ఉన్నందుకు మా పెద్దలు ఆ పూట గర్వించారు. చివరకు రంగుల పేర్లు మాని ‘సరి’, ‘తప్పు’, ‘వదలినవి’ అని మూడు మాటలు పెట్టుకొన్నాము.

ఆ మూడవ మాటయే తగవు తెచ్చినది.

కళాశాలలో ప్రదర్శన ఏర్పాటైనది. పెద్దలు వస్తారు. ఆ ఉదయం నివేదికలో తప్పుల వరుస శూన్యం. వారం రోజులుగా మొండికేసిన పేర్లు ఒక్కరాత్రిలో ఎట్లు లొంగినవా అని నేను క్రిందికి దిగి చూచినాను. ‘వదలినవి’ అనే చోట ఐదు అని ఉన్నది. నాగుల్ మీరా, నాగూర్ బీ, మస్తానమ్మ, హుసేనమ్మ, సైదులు. ఈ ఐదు పరీక్షలను జరపవద్దని గుర్తు పెట్టి, దీపాన్ని వెలిగించినారు.

ఆ పని చేసిన అబ్బాయి తెలివిగలవాడు, నెమ్మది గలవాడు. దాపరికం లేకుండ చెప్పినాడు. “సార్, ఇవి అసలు ఉర్దూ పేర్లు కావు గదా. ఏ నిఘంటువులోనూ ఉండవు. వీటికోసం సూత్రాలు వ్రాస్తే మంచి పేర్లు చెడిపోతున్నాయి.”

ఉర్దూ శాఖ పెద్దలు అతని పక్షమే. “సైదులు ఏమిటి సార్! సయ్యద్ అనాలి. తప్పును తప్పు అనకుండ యంత్రానికి నేర్పుతారా?” అన్నారు.

నేను మాట్లాడబోయే లోపల వెనుక బల్ల దగ్గర ఉన్న అమ్మాయి లేచినది. నలుగురిలో తక్కువ మాట్లాడేది ఆమెయే. “నాగూర్ బీ మా నాయనమ్మ సార్. నాగూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిందట. పెన్షను పుస్తకంలో, భూమి కాగితంలో అదే పేరు. వేరే పేరు లేదు ఆమెకి.”

గది కొంతసేపు నిశ్శబ్దమైనది.

తెలుగు అధ్యాపకునిగా నాకు ఆ ఐదు పేర్ల మీద ఉన్న మమకారం చెప్పక తప్పదు. మస్తాన్‌కు ‘అమ్మ’ చేర్చి మస్తానమ్మ, హుసేన్‌కు ‘అమ్మ’ చేర్చి హుసేనమ్మ, సైదాకు మన ‘లు’ తగిలించి సైదులు. కృష్ణా గుంటూరు మండలాల పల్లెలలో ముస్లిములు, దూదేకులవారు, దర్గాకు మ్రొక్కుకొన్న హిందువులు కూడ తరతరాలుగా ఈ పేర్లు పెట్టుకొంటున్నారు. ఇవి తప్పులు కావు. రెండు భాషలు ఒకే ఇంట కాపురం చేస్తే పుట్టిన బిడ్డలు. మా ప్రోగ్రాము ఎవరి కొరకు మొదలైనదో వారి పేర్లే ఇవి. ‘అబ్దుర్రహీం’ను సరిగా వ్రాసేవాడు లోకంలో ఎక్కడైనా దొరుకుతాడు. ‘నాగుల్ మీరా’ను పరీక్షలో పెట్టేవాడు మన డెల్టాలో తప్ప మరెక్కడ ఉంటాడు? మనమే వదలినవి అని గుర్తు పెడితే ఇక దానిని అడిగే నాథుడు లేడు.

మా పెద్దలతో నేను అంగీకరించిన విషయం కూడ ఒకటి ఉన్నది. కొన్ని పరీక్షలు న్యాయంగానే వదలవలసినవి. ఉర్దూలో జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు వేర్వేరు అక్షరాలు. జైనబ్, జాకిర్, జియా, జహీర్ పేర్ల తొలి అక్షరాలు ఇవి. జమీలాలోని జీమ్ ఐదవది. తెలుగులో ఐదింటికీ ‘జ’కారమే దిక్కు. తెలుగు నుండి తిరిగి ఉర్దూకు పొమ్మంటే, కేవలం అక్షరాన్ని చూచి ఏ యంత్రమూ దారి చెప్పలేదు. దంత్య జకారానికి యూనికోడులో 2008 నుండి వేరే అక్షరం ఉన్నమాట నిజమే గాని, ఈ పేర్లకు దానిని వాడి వ్రాసిన కాగితం నేను చూడలేదు. ఇటువంటి పరీక్షను వదలుట ఓటమి కాదు. చేతకానిదానిని చేతకాదని ఒప్పుకొనుట. కాని ఎందుకు వదలినామో ప్రక్కన వ్రాసి ఉండాలి.

బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండవది. కృష్ణలంక, రాణిగారితోట వాసులకు ఈ అంకెలు కంఠతా వచ్చు. ఏ హెచ్చరికకు ఏ సామాను మోయాలో కూడ వచ్చు. నివేదిక అంటే అట్లుండాలి. కాని ఆ అంకె కృష్ణను గురించి మాత్రమే చెబుతుంది. బుడమేటిలో ఏమి జరుగుచున్నదో చెప్పుట దాని పని కాదు. 2024లో సింగ్‌నగర్ గడపలలోకి వచ్చిన నీరు బుడమేటిది. కొలబద్ద ఎక్కడ పాతినామో అక్కడి మాటయే అది చెప్పగలదు. కంప్యూటరు గదిలో ఆనాడు నేను చెప్పినది ఇంతే. ముంపు చూచిన పిల్లలు కాబట్టి ఎక్కువ వివరించవలసిన పని లేకపోయినది.

ప్రదర్శన నాడు దీపం పసుపుగానే ఉన్నది. వచ్చిన పెద్దలలో ఒకరు, “ఇంకా పూర్తి కాలేదా?” అని అడిగారు. వదలిన గుర్తు పెట్టిన అబ్బాయియే ముందుకు వచ్చి, తప్పిన ఐదు పేర్లను తెరమీద చూపి, ప్రతిదానికీ కారణం చెప్పినాడు. ఆయనకు ఎంతవరకు అర్థమైనదో గాని, సైదులు అనే పేరు దగ్గర మాత్రం ఆగి, తమ తండ్రిగారి వద్ద పాలేరుగా ఉన్న మనిషిని తలచుకొన్నారు.

అప్పటినుండి నివేదిక రూపం మారినది. మొదటి వరుసలో నెగ్గినవాటి సంఖ్య ఉండదు. వదలినవి ముందు, తప్పినవి తరువాత, నెగ్గినవి చివర. వదలిన ప్రతి పేరుకూ ఎవరు వదలినారో, ఏ తేదీన, ఏ కారణంతో అన్నది తెలుగులో ఉంటుంది. కారణం వ్రాయకుండ వదలితే దానిని తప్పుగానే లెక్కించేటట్లు ఆ అమ్మాయి చిన్న ఏర్పాటు చేసినది. ఇంటర్నెట్టు పోయినప్పుడల్లా తప్పి, వచ్చినప్పుడు నెగ్గే పరీక్షలు రెండు ఉండేవి. వాటిని చూచి చూచి అందరికీ తప్పుల వరుసనే లక్ష్యపెట్టని అలవాటు పట్టబోగా, వాటిని ఆ వలతో సంబంధం లేకుండ తిరిగి వ్రాయించినాము. నివేదిక ఇప్పుడు ఉదయం ఆరు గంటలకు ఏడుగురికి చేరుతుంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని మా ఉర్దూ పెద్దలే అందరికంటె ముందు చదువుతారు. చదివి నాకు ఫోను చేస్తారు. సయ్యద్, సైదులు వాదం ఇంకా తెగలేదు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే నాటికి ఆ ఐదింటిలో నాగుల్ మీరా, నాగూర్ బీ, హుసేనమ్మ సరియైన వరుసలోకి చేరినవి. మస్తానమ్మను సవరిస్తే ‘మస్తాన్ బీ’ చెడుతున్నది. సైదులు ఇంకా లొంగలేదు. గతవారం మచిలీపట్నం నుండి వచ్చిన మొదటి సంవత్సరపు విద్యార్థి తన ముత్తాత పేరు చెప్పినాడు. మా పట్టికలో ఆ పేరు లేదు, దాని వంటిది కూడ లేదు. తెలుగు శాఖ గదిలో కిటికీ దగ్గరి బల్లమీద అట్టవేసిన పెద్ద నోటుపుస్తకం ఒకటి ఉంచినాము. ఈ సంచిక చదివే విద్యార్థులు తమ ఇండ్లలోని పెద్దల పేర్లను, కాగితాలలో ఎన్ని రూపాలలో ఉన్నవో అన్ని రూపాలలోను, అందులో వ్రాసి పోవలసినదిగా కోరుచున్నాను. ఉర్దూ లిపి వచ్చినవారు దానిలోను వ్రాయాలి. రానివారు పేరును ఇంట్లో ఎట్లు పిలుస్తారో అట్లు వ్రాసినా చాలును.